వెండి, వజ్రం, ప్రమాణం

ఎండలో మెరుస్తూ ఇసుకలో పడి ఉన్న ముత్యపుచిప్పను దూరం నుంచి చూసినవాడు వెండి అనుకుంటాడు. వంగి చేతిలోకి తీసుకోగానే చిప్ప అని తేలిపోతుంది. భారతీయ దర్శనాలు భ్రమను చర్చించిన చోటల్లా తాడు, పాము ఉదాహరణకు తోడుగా ఇది కనిపిస్తుంది. శాస్త్రాల్లో దీని పేరు శుక్తిరజతం. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం ఆరంభంలో అధ్యాసను, అంటే ఒకదాన్ని మరొకటిగా పొరబడటాన్ని, నిరూపిస్తూ లోకానుభవంగా చూపిన రెండు దృష్టాంతాల్లో ఇది మొదటిది. రెండోది ఒక్క చంద్రుడు ఇద్దరుగా కనబడటం. కనిపించినది నిజంగా అదేనా, అదేనని దేన్ని బట్టి నిశ్చయించుకోవాలి అన్నది ఇందులోని ప్రశ్న. మోక్షశాస్త్రానికి ఇది పునాది. పెళ్ళి నగల కోసం దుకాణంలో కూర్చున్న కుటుంబానికీ ఎదురయ్యేది ఇదే. వెండి కొనడం, దాన్ని కాపాడుకోవడం, వజ్రం ఎంచుకోవడం అనే మూడు పనులనూ ప్రమాణశాస్త్రం వైపు నుంచి చూస్తే, పాత వాదాల్లో ఎంత వ్యవహారజ్ఞానం ఇమిడి ఉందో తెలుస్తుంది.

చిప్పలో కనిపించిన వెండి ఎక్కడిది అన్నదానికి ఒక్కో దర్శనం ఒక్కో సమాధానం చెప్పింది. నైయాయికుల లెక్కలో ఆ వెండి ఉత్త శూన్యం కాదు. ఎక్కడో అంగట్లో ఉన్న అసలు వెండే, మెరుపు పోలిక వల్ల గుర్తుకు వచ్చి, ఇక్కడ ఉన్నట్టు తోస్తుంది. ఒకటి మరొకటిగా తెలియడం కాబట్టి దాన్ని అన్యథాఖ్యాతి అన్నారు. ప్రాభాకర మీమాంసకులు తప్పుడు జ్ఞానం అనేదే లేదంటారు. ‘ఇది’ అన్నంతవరకు ప్రత్యక్షం, ‘వెండి’ అన్నది జ్ఞాపకం. రెండూ నిజమే, వాటి మధ్య తేడాను పట్టుకోకపోవడమే పొరపాటు. అద్వైతులకు ఆ వెండి ఉన్నదని చెప్పడానికీ లేదు, లేనిదని చెప్పడానికీ లేదు. చిప్ప తెలిసేదాకా కనిపించి, తెలియగానే తొలగిపోయే అనిర్వచనీయం అది. బౌద్ధుల్లో విజ్ఞానవాదులు అది మనసులోని ఆకారమే బయట ఉన్నట్టు తోచిందన్నారు. శతాబ్దాల పాటు సాగిన ఈ వాదంలో ఎవరూ ఓడిపోలేదు గానీ, చూపు ఎక్కడెక్కడ జారుతుందో ప్రతి ఒక్కరూ ఒక్కో చోటు చూపించారు.

దుకాణంలో జరిగే పొరపాటుకు వీటిలో ప్రాభాకరుల వివరణ అతి దగ్గరగా సరిపోతుంది. కొనేవారి కంటికి అందేది తెల్లటి మెరుపు, చేతికి అందేది చల్లదనం, కొంత బరువు. ‘వెండి’ అన్న మాట మాత్రం అమ్మమ్మ ఇంటి పూజాసామాను నుంచి, పెళ్ళిళ్ళలో చూసిన కంచాల నుంచి జ్ఞాపకంగా వచ్చి చేరుతుంది. ఆ రెంటి మధ్య సందు ఉందని ఆ క్షణంలో తోచదు. జర్మన్ సిల్వర్ అని పిలిచే లోహంలో వెండి రవ్వంత కూడా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం. వ్రతాల వాయనాలకూ, గృహప్రవేశాల రిటర్న్ గిఫ్టులకూ ఈ లోహంతో చేసిన కుంకుమభరిణెలు, పళ్ళేలు, గిన్నెలు విరివిగా అమ్ముడవుతున్నాయి. ఫలానా లోహమని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. వెండి అని నమ్మి కొన్నప్పుడే అది శుక్తిరజతం అవుతుంది. రాగి మీదనో ఇత్తడి మీదనో వెండి పూత పోసినవి ఇంకో రకం. వాటి పైపొర నిజంగా వెండే కాబట్టి, పైపొర వరకే చూసే పరీక్ష ఏదైనా వెండి అనే చెబుతుంది.

రామానుజుల వాదం ఇక్కడ మరో కోణం చూపుతుంది. పంచీకరణం వల్ల, అంటే పంచభూతాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉండటం వల్ల, ప్రతి వస్తువులోనూ ఇతర వస్తువుల అంశాలు ఉంటాయి. చిప్పలో వెండి అంశ కొంత ఉండబట్టే వెండిగా తోచింది. చిప్ప అంశ ఎక్కువ గనుక వ్యవహారంలో దాన్ని చిప్ప అంటున్నాం అన్నది ఆయన వివరణ. ఏది ఎక్కువ ఉంటే దాని పేరుతో పిలవడం లోకరీతి. చిప్పలో వెండి ఉందని రసాయనశాస్త్రం ఒప్పుకోదు గానీ, ఈ పేరు పెట్టే సూత్రం మాత్రం వెండి నగలకు అచ్చంగా వర్తిస్తుంది. అచ్చమైన వెండి మెత్తన. దానితో పట్టీలో, మట్టెలో చేస్తే త్వరగా వంగిపోతాయి, గీతలు పడతాయి. అందుకే నగల వెండిలో వెయ్యి పాళ్ళకు 925 పాళ్ళు వెండి, మిగతా 75 పాళ్ళు సాధారణంగా రాగి ఉంటాయి. 800 పాళ్ళే వెండి ఉన్నదాన్నీ వెండి అనే అంటారు, 990 పాళ్ళు ఉన్నదాన్నీ వెండి అనే అంటారు. పేరు ఒక్కటే, సరుకు ఒక్కటి కాదు. కాబట్టి ‘ఇది వెండేనా’ అన్న ప్రశ్న కొనేవారికి చాలదు. వెయ్యికి ఎన్ని పాళ్ళు వెండి అన్నది అడగవలసిన ప్రశ్న.

ఇంట్లో చేసుకునే పరీక్షలు చాలానే ప్రచారంలో ఉన్నాయి. న్యాయశాస్త్రంలో హేత్వాభాసాల, అంటే తప్పుడు హేతువుల, ప్రకరణం చదివినవారికి వాటి బలహీనత వెంటనే కనబడుతుంది. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండి అన్న అనుమానాన్ని, అంటే హేతువు నుంచి చేసిన ఊహను, తీసుకుంటే, రాగి, ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటుకోవు. సాధ్యం (వెండి) లేని చోట కూడా హేతువు (అంటుకోకపోవడం) ఉంటోంది. ఇది సవ్యభిచారం. అంటుకుంటే వెండి కాదని చెప్పడానికి పనికొస్తుంది తప్ప, అంటుకోకపోతే వెండి అని చెప్పడానికి పనికిరాదు. మంచుముక్క పెడితే గబగబా కరుగుతుంది కాబట్టి వెండి అన్నదీ ఇంతే. లోహాలన్నింటిలో వేడిని అతి వేగంగా ప్రసరింపజేసేది వెండే, నిజమే. కానీ రాగి దానికి అడుగు దూరంలోనే ఉంది. నీటిలో ముంచి సాంద్రత లెక్కగట్టడం వీటికంటే మేలు. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములు, రాగిది దాదాపు 9, ఇత్తడిది ఇంకా తక్కువ. అయితే రాళ్ళు పొదిగినదానికీ, లోపల లక్క నింపినదానికీ ఆ లెక్క కుదరదు. దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రం పెట్టి చూపించే అంకె కూడా పైపొరదే. పూత మందంగా ఉంటే యంత్రం పూతనే చదువుతుంది. లోపలి సంగతి తెలియాలంటే ముక్క తీసి కరిగించాలి. అర్థశాస్త్రం కల్తీ వెండిని నాలుగో వంతు సీసంతో కలిపి శుద్ధి చేయమని చెప్పింది. నిప్పులో సీసం తనతోపాటు హీనలోహాలను లాక్కుపోతుంది, వెండి మిగులుతుంది. కానీ కొనబోయే వస్తువును కరిగించి చూసే వీలు ఎవరికీ ఉండదు.

ఇక్కడే ప్రామాణ్యవాదం అక్కరకు వస్తుంది. ఒక జ్ఞానం నిజమని ఎలా తెలుస్తుంది? దాని సత్యం దానితోనే పుడుతుందని మీమాంసకులు అన్నారు. దాన్ని కొట్టివేసే జ్ఞానం తర్వాత వస్తేనో, ఆ జ్ఞానం పుట్టిన సాధనంలో దోషం ఉందని తెలిస్తేనో తప్ప శంకించనక్కరలేదన్నది కుమారిలభట్టు మతం. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. నీరు కనిపించింది, వెళ్ళి తాగితే దాహం తీరింది, అప్పుడే ఆ చూపు నిజమని తేలింది అంటారు. పని ఫలించడమే పరీక్ష. వెండి విషయంలో ఆ ఫలం కనబడేది ఇరవై ఏళ్ళ తర్వాత, నగ మార్చుకోవడానికి పోయిన రోజున. అంతకాలం ఆగి తెలుసుకోవడం తెలుసుకోవడమే కాదు. అందుకే కొనేవాడూ అమ్మేవాడూ కాని మూడో మనిషి పరీక్ష అవసరమైంది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ వెండికి హాల్‌మార్కు వేయడం 2005లో మొదలుపెట్టింది. ఆ సంస్థ గుర్తు, శుద్ధి అంకె వస్తువు మీదే కనబడతాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి బంగారానికి ఉన్నట్టే వెండికీ ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఇవ్వడం స్వచ్ఛంద పద్ధతిలో ఆరంభమైంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. గుర్తు లేనిది కల్తీ అని తేల్చనక్కరలేదు. శంకించే బాధ్యత మాత్రం కొనేవారి మీద పడుతుంది.

కొన్న వెండి నల్లబడుతుంది. దీన్ని తుప్పు అనడం పొరపాటు. గాలిలో అతి స్వల్పంగా ఉండే గంధకపు వాయువు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర అవుతుంది. మొదట లేత పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత నలుపు. తేమ ఎక్కువగా ఉంటే వేగం పెరుగుతుంది. అందుకే ఒకే ఏడాది కొన్న కుందులు సముద్రతీరపు ఊళ్ళో ఒక రకంగా, ఎండుగాలి ఊళ్ళో ఇంకో రకంగా కనబడతాయి. గుడ్డు, ఉల్లిపాయ, రబ్బరు, ఉన్ని, కొన్ని రకాల కాగితం గంధకాన్ని మోసుకొస్తాయి. పట్టీల జతను రబ్బరుబ్యాండుతో చుట్టి బీరువాలో పెడితే, బ్యాండు తగిలిన చోట నల్లటి గీత పడటం చాలా ఇళ్ళలో చూసేదే.

వేదాంతం మలం అన్న మాటను తరచు వాడుతుంది. ఆత్మ నిత్యశుద్ధం, దాని మీద కనబడే మాలిన్యం ఆరోపితం; తాడు ఎన్నడూ పాము కానట్టే ఆత్మ ఎన్నడూ మలినం కాలేదు. ఇది వివర్తం. వెండి నలుపు ఆ కోవలోది కాదు. అది వెండి మీద వచ్చి పడిన దుమ్ము కాదు, వెండే మారిన రూపం. పాలు పెరుగైనట్టు పరిణామం. ఈ భేదం గ్రహిస్తే శుభ్రం చేసే పద్ధతి దానంతట అదే తెలుస్తుంది. ముగ్గుపిండితోనో, పళ్ళపొడితోనో గట్టిగా రుద్దితే నలుపు పోతుంది, నలుపుగా మారిన వెండి కూడా దానితోపాటే పోతుంది. ఒక్కసారికి కంటికి ఆనదు. తరాల తరబడి రుద్దిన వెండి విగ్రహాలకు కనుముక్కుతీరు అరిగిపోవడానికి కారణం ఇదే. పూత పోసిన వస్తువైతే కొన్నాళ్ళకే లోపలి రాగి బయటపడుతుంది. మరో మార్గంలో వెండి నష్టం ఉండదు. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వస్తువు ఆ రేకును తాకేలా పెట్టి, తినే సోడా కలిపిన వేడినీళ్ళు పోస్తే, గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు పోతుంది. కొన్నిసార్లు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. గంధకం కదిలిందనడానికి అది గుర్తు. నల్లబడిన వెండి మళ్ళీ వెండిగా వస్తువు మీదే నిలుస్తుంది. ముత్యాలు, పగడాలు, అతికించిన రాళ్ళు ఉన్న నగలకు ఈ పద్ధతి వాడకూడదు. చెక్కడపు లోతుల్లో కావాలని నలుపు నిలిపిన పనికీ పనికిరాదు. కరీంనగర్ ఫిలిగ్రీ వంటి సన్నని తీగపనిని ఏ పొడితోనూ రుద్దకూడదు. నలుపే అందమైన బిదరీ వస్తువులను మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

దినదిన సంరక్షణ కష్టమైనదేమీ కాదు. పంచామృతాభిషేకం అయ్యాక విగ్రహాన్ని వెంటనే మంచినీళ్ళతో కడిగి, తడి లేకుండా మెత్తని నూలుగుడ్డతో ఒత్తి తుడవాలి. పసుపు, కుంకుమ, నూనె పేరుకుంటే కుంకుడురసం చాలు. నిత్యం వాడే వెండి త్వరగా నల్లబడదు. బీరువాలో పెట్టి మరిచినదే నల్లబడుతుంది. విడివిడిగా మెత్తటి గుడ్డలో చుట్టి, గాలి చొరని సంచిలో పెట్టి, తేమను పీల్చే పొట్లం ఒకటి వేయాలి.

రుద్దడం వల్ల వచ్చే మెరుపు మోక్షానికి ఉపమానం అవుతుందా అన్న చర్చ శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలోని సమన్వయాధికరణంలో ఉంది. అద్దాన్ని రుద్దితే దాని కాంతి బయటపడినట్టు, కర్మలతో సంస్కరిస్తే ఆత్మలో మరుగుపడిన మోక్షం వ్యక్తమవుతుందని పూర్వపక్షం. ఆ కాలపు అద్దం తోమి మెరిపించే లోహపు పలక. శంకరులు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. క్రియ దేని మీద జరుగుతుందో దాన్ని మార్చకుండా జరగదు. ఆత్మ మార్పుకు లోనయ్యేది కాదు. కాబట్టి అది రుద్దుడుకు అందదు. ఇదే ప్రశ్న పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణేశ్వరంలో మళ్ళీ వినబడింది. సిద్ధి పొందాక కూడా రోజూ ధ్యానం దేనికని శ్రీరామకృష్ణులు అడిగితే, ఆయన గురువు తోతాపురి తళతళలాడే తన లోటాను చూపి, రోజూ తోమకపోతే ఇది మాసిపోదా అన్నాడు. లోటా బంగారందైతే అన్నారు రామకృష్ణులు. తోతాపురి ఒప్పుకున్నాడు. సాధకుడికి ఆ ఇద్దరి మాటా అవసరమే. సిద్ధాంతరీత్యా రామకృష్ణుల మాట అద్వైతం. అయితే తన చేతిలో ఉన్నది బంగారు లోటా అని నిశ్చయం కలగకముందే తోముడు మానేవాడు నష్టపోతాడు.

వజ్రం దగ్గరికి వచ్చేసరికి చిక్కు పెరుగుతుంది. వెండికి శుద్ధి ఒక్కటే కొలత, అంకెలో చెప్పవచ్చు. ఒకే బరువున్న రెండు వజ్రాల ధరలు ఎన్నో రెట్లు తేడాగా ఉండవచ్చు, ఆ తేడా కొత్తవారి కంటికి కనబడకపోవచ్చు. భర్తృహరి వాక్యపదీయం బ్రహ్మకాండలో ఈ సంగతినే ఎత్తుకున్నాడు. మణులనూ వెండి నాణేలనూ గుర్తించే నిపుణుల జ్ఞానం అభ్యాసం వల్లనే పుడుతుందనీ, అది తర్కంతో చేసిన అనుమానం కాదనీ, ఇతరులకు మాటల్లో విడమరచి చెప్పగలిగేది కాదనీ ఆయన అభిప్రాయం. తర్కానికి హద్దు ఉందని చూపడానికి ఎంచుకున్న ఉదాహరణ అది.

ఆ అభ్యాసం ఎలా సాగేదో పదిహేడో శతాబ్దంలో దక్కన్ గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాసిపెట్టాడు. 1676లో అచ్చయిన అతడి యాత్రాగ్రంథంలో ఒక దృశ్యం ఉంది. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు వర్తకుల పిల్లలు రోజూ పొద్దున్నే ఊరి కూడలిలో పెద్ద చెట్టు కింద కూర్చుంటారు. ఒక్కొక్కరి నడుముకు ఒకవైపు వజ్రాల తూనికరాళ్ళ సంచి, మరోవైపు వరహాల సంచి. ఎవరైనా రాయి తెస్తే దాన్ని అందరిలోకీ పెద్దవాడి చేతికి ఇస్తారు. అతడు చూసి పక్కవాడికి ఇస్తాడు. అలా చేతులు మారుతూ రాయి ఒక చుట్టు తిరిగి వస్తుంది, ఎవరూ నోరు మెదపరు. ఆ తర్వాతే బేరం. ఐరోపాలో ముడిరాయిని పగటి వెలుతురులో చూస్తే ఇక్కడివారు రాత్రిపూట చూస్తారని కూడా అతడు రాశాడు. గోడలో అడుగు చదరం గూడు చేసి, లావాటి వత్తి వేసిన దీపం అందులో పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని ఆ వెలుగులో దాని నీరునూ స్వచ్ఛతనూ నిర్ణయిస్తారట. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా ఇచ్చిన నేల ఇది. ఆ గనుల్లో ఒకటైన కొల్లూరు గని చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవారు నేటికీ ఉన్నారు. రాయి దొరికినవారికి దాని విలువ తెలియదు, కొనేవారికి తెలుసు. ఆ తెలివి ఎటువైపు ఉంటే లాభం అటువైపే పోతుంది. కొనడంలో మెలకువ అవసరమవడానికి మూలం ఈ అసమానతే.

వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయం ఉంది. కాకిపాదం, ఈగ, వెంట్రుక వంటి ఆకారాలు లోపల కనబడే రాయి దోషయుతం అంటుంది. నేటి పరీక్షకులు పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో వెతికేదీ అటువంటి లోపలి మచ్చలనూ చీలికలనూ. దీన్నే క్లారిటీ అంటున్నారు. దీనికి రంగు, కోత, బరువు కలిపితే నాలుగు లక్షణాలు. బరువు క్యారెట్లలో చెబుతారు, ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. రంగుకు 1931లో స్థాపించిన అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ వేసిన మెట్లు వాడుకలో ఉన్నాయి. ఏ రంగూ లేనిది డి, పోనుపోను పసుపు తేలి జెడ్ దాకా. ఈ నాలుగింటిలో కోతకు ఇవ్వవలసిన ప్రాధాన్యం మనవాళ్ళు ఇవ్వడం లేదు. పెద్ద రాయి కావాలన్న కోరిక బరువు వైపు లాగుతుంది. కానీ రాయిలోకి వెళ్ళిన వెలుగును తిరిగి కంటివైపు పంపేది కోతే. కోణాలు తప్పితే వెలుగు అడుగు నుంచి జారిపోయి ఎంత స్వచ్ఛమైన రాయి అయినా మసకగా కనబడుతుంది. భూతద్దానికి తప్ప కంటికి ఆనని మచ్చల కోసమో, బంగారంలో పొదిగాక ఎవరూ గుర్తించలేని రంగు మెట్టు కోసమో ఎక్కువ డబ్బు పెట్టడం కంటే ఆ డబ్బు కోతకు పెట్టడం మేలు. సరిగ్గా ఒక క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. దానికి రవ్వంత తక్కువ బరువున్న రాయి చూడటానికి అంతే ఉంటుంది, ధర మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.

మీమాంసకులు చెప్పిన కారణదోషం నగల దుకాణంలో తలపైనే వేలాడుతుంది. సూటిగా పడే చిన్న దీపాలు ఏ రాయినైనా మిణుకు మిణుకుమనిపిస్తాయి. చూపు పుట్టిన సాధనంలోనే దోషం ఉన్నప్పుడు ఆ చూపును నమ్మకూడదు. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో చూడాలి. తెల్లకాగితం మీద బోర్లించి పెడితే పసుపు ఛాయ తెలుస్తుంది. దీనికి ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

అభ్యాసం లేనివారు ఏం చేయాలి? మరొకరి మాట నమ్మాలి. నమ్మదగిన మాట ఏదన్నదానికి న్యాయదర్శనం ఇచ్చిన నిర్వచనం రెండు వేల ఏళ్ళకు దగ్గరపడుతున్నా చెక్కుచెదరలేదు. ఆప్తుడి ఉపదేశమే శబ్దప్రమాణం అన్నాడు గౌతముడు. ఆప్తుడు ఎవరో వాత్స్యాయనుడు విప్పిచెప్పాడు. విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడై ఉండాలి, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడై ఉండాలి. ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఈ లక్షణం సమానమే అని కూడా చేర్చాడు. కులం, పేరు, వయసు ఆప్తత్వాన్ని ఇవ్వవు. ఈ కొలతతో చూస్తే మంచి వర్తకుడికి మొదటి లక్షణం ఉంది. రెండోదానికి అతడి లాభం అడ్డువస్తుంది. అతడు అబద్ధాలకోరు అని దీని అర్థం కాదు. అతడి మాట ఒక్కటే ప్రమాణం కాజాలదని మాత్రమే. అమ్మకంతో సంబంధం లేని ప్రయోగశాల ఇచ్చిన పత్రంలో రెండు లక్షణాలూ కుదిరే అవకాశం ఎక్కువ. దుకాణం తన లెటర్‌హెడ్ మీద తానే రాసిచ్చిన పత్రం వర్తకుడి మాటకు రాతరూపం, అంతకు మించి కాదు. ప్రయోగశాలలన్నీ ఒకే కాఠిన్యంతో మెట్లు వేయవు కాబట్టి, రెండు రాళ్ళను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే సంస్థ పత్రం ఉండటం అవసరం. పత్రం ఈ రాయిదేనా అన్నది మిగిలిన సందేహం. చాలా రాళ్ళకు నడుము అంచు మీద లేజర్‌తో పత్రం సంఖ్య చెక్కి ఉంటుంది. భూతద్దం అడిగి తీసుకుని ఆ సంఖ్యను చదివి, ప్రయోగశాల వెబ్‌సైటులో సరిచూసుకోవాలి.

‘మూడు తరాలుగా అక్కడే కొంటున్నాం, ఎప్పుడూ మోసం జరగలేదు’ అన్నది తెలుగు ఇళ్ళలో తరచు వినబడే హేతువు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో సరిగ్గా ఇటువంటి వాదానికి వజ్రాన్నే అడ్డుపెట్టాడు. పృథివితో అయినది ఏదైనా ఇనుముతో గీయబడుతుందని వందసార్లు చూసి ఉండవచ్చు; వజ్రం పార్థివమే, ఇనుముకు లొంగదు; ఆ ఒక్కదానితో నియమం చెడింది. ఎన్నిసార్లు చూశామన్నది వ్యాప్తిని (తప్పని నియమాన్ని) నిలబెట్టదు, వ్యభిచారం (నియమం తప్పిన సందర్భం) లేదని తెలియాలి. మూడు తరాల్లో ఎవరూ ఆ నగలను పరీక్షకు పంపకపోతే, మోసం జరగలేదని తెలిసినట్టు కాదు, తెలియలేదని మాత్రమే. పరికరాల విషయమూ ఇంతే. వేడిని ఎంత వేగంగా లాగుతుందో చూసి వజ్రం అని కూత పెట్టే చిన్న యంత్రం వజ్రంలా కనబడే జిర్కోనియాను పట్టేస్తుంది. అలాంటి మరో రాయి మోయిసనైట్ ముందు మోసపోతుంది. ఆ రాయి వేడిని దాదాపు వజ్రంలాగే ప్రసరింపజేస్తుంది.

ప్రయోగశాలలో పెంచిన వజ్రం అసలైన తాత్త్విక ప్రశ్న లేవనెత్తింది. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ శాస్త్రవేత్తలు విపరీతమైన ఒత్తిడితో, వేడితో కర్బనాన్ని వజ్రంగా మార్చారు. ఇప్పుడు వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచే పద్ధతి కూడా ఉంది. ఇవి నకిలీలు కావు. అదే కర్బనం, అదే కాఠిన్యం, అదే వక్రీభవనం. కంటితో గాని, మామూలు యంత్రంతో గాని తేడా పట్టలేరు. ప్రత్యేక వర్ణపట పరీక్ష కావాలి. 2018లో అమెరికా వాణిజ్య కమిషన్ వజ్రం నిర్వచనం నుంచి ‘సహజం’ అన్న మాటను తీసేసింది. న్యాయ వైశేషికుల పరిభాషలో రెంటిలోనూ ఉన్నది ఒకే వజ్రత్వ జాతి. పుట్టిన చోటు జాతిని మార్చదు. మరి ధరలో అంత తేడా ఎందుకు? ఒకటి భూగర్భంలో వంద కోట్ల ఏళ్ళకు పైబడి ఉండి వచ్చింది, అరుదు. రెండోది కొన్ని వారాల్లో తయారవుతుంది, ఎంత కావాలంటే అంత చేయవచ్చు. ధర వస్తువు గుణానికి కాక దాని చరిత్రకూ అరుదుతనానికీ కడుతున్నది. అలంకారం కోసం కొనేవారికి పెంచిన వజ్రం ఏ విధంగానూ తక్కువ కాదు. తప్పు ఉన్నది దాచడంలో. పెంచినదాన్ని సహజమని అమ్మడం సత్యానికీ అస్తేయానికీ ఒకేసారి చేటు.

వజ్రం శాశ్వతం అన్న భావన 1947లో డీబీర్స్ వజ్రాల సంస్థ కోసం రాసిన ప్రకటన వాక్యంతో లోకమంతా పాకింది. వైశేషికులు నిత్యమన్నది పరమాణువులను. వాటి కూడికతో ఏర్పడినదేదీ నిత్యం కాదన్నారు. రసాయనశాస్త్రం వారి పక్షానే ఉంది. 1772లో రసాయనవేత్త లావోయిజియే వజ్రాన్ని కాల్చి చూపాడు. 1797లో మరో రసాయనవేత్త టెన్నంట్ అది బొగ్గులో ఉన్న కర్బనమే అని తేల్చాడు. భూమి ఉపరితలంపై కర్బనానికి నిలకడైన రూపం వజ్రం కూడా కాదు, గ్రాఫైటు. ధర విషయంలో శాశ్వతత్వం మరీ తక్కువ. కొన్న మరునాడు అమ్మినా పెట్టిన డబ్బు తిరిగి రాదు. పొదుపు కోసం రవ్వల నగలు కొనడం అవివేకం. ఇష్టపడి పెట్టుకోవడానికి కొనడం వేరే సంగతి.

యోగసూత్రాలకు వ్యాసభాష్యం అపరిగ్రహాన్ని వివరిస్తూ వస్తువుల్లో ఐదు దోషాలు చూడమంటుంది. సంపాదించడం, కాపాడటం, క్షయించడం, ఆసక్తి పెరగడం, హింస. వెండి, వజ్రాల కథ అంతా ఈ ఐదింటిలో ఇమిడిపోతుంది. ఐదో దోషం కొనేవారికి కనబడదు. ఆఫ్రికాలో తిరుగుబాటు దళాలు వజ్రాలమ్మి ఆయుధాలు కొన్నందున 2003 నుంచి కింబర్లీ ప్రక్రియ పేరుతో ముడి వజ్రాలకు ధ్రువీకరణ అమలవుతోంది. అది తిరుగుబాటుదారులకు చేరే డబ్బును మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. గనిలో కూలీ పడే హింస దాని పరిధిలోకి రాదు. ఆ భాష్యం సన్న్యాసి కోసం రాసిందే అయినా, రాయి ఏ దేశం నుంచి వచ్చిందని అడగడం గృహస్థుకు సాధ్యమైన అపరిగ్రహం.

అన్నీ చూసుకుని కొనేవారు బిల్లు విషయంలో మొహమాటపడకూడదు. వెండికైతే శుద్ధి, బరువు, మజూరీ విడివిడిగా. వజ్రానికైతే సహజమా పెంచినదా, నాలుగు లక్షణాలు, పత్రం సంఖ్య, తిరిగి తీసుకునే షరతు. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. హాల్‌మార్కు ఉన్న నగలో శుద్ధి తక్కువని తేలితే, తగ్గిన మేరకు లెక్కగట్టిన విలువకు రెట్టింపు మొత్తాన్నీ పరీక్ష ఖర్చునూ కొన్నవారికి చెల్లించాలని భారతీయ ప్రమాణాల సంస్థ నియమాలు చెబుతున్నాయి. అది రాబట్టుకోవడానికి చేతిలో ఉండవలసింది ఆ బిల్లే.